ఫిర్యాదులు: లేవు

నిఖిలేష్ ఆదివారం షటిల్ ఆడితే సోమవారం కుసుమకు పిక్కలు పట్టేసేవి. విశాఖపట్నంలో, భీమిలి రోడ్డు మీదున్న ఆ పరిశోధనశాలలో ఇది ఎవరికీ వింతగా తోచేది కాదు. ఒకరి అలసటను ఇంకొకరి ఒంట్లోకి మార్చడమే అక్కడి పని.

పదింటికల్లా రెండు కుర్చీలు ఎదురెదురుగా పడేవి. అప్పలనర్సమ్మ ఇద్దరి మోచేతుల దగ్గరా సూది దించి పట్టీ చుట్టేది. ఆవిడ పాతికేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై వచ్చిన మనిషి. చెయ్యి ఎంత తేలికో నోరు అంత కటువు. కుర్చీల మధ్య బీరువా అంత పెట్టె ఒకటి ఉండేది. కాగితాల మీద దానికి మూడు వరసల పేరుంది గాని, అందరూ దాన్ని బదిలీ పెట్టె అనేవారు. స్విచ్ వేస్తే ఇరవై నిమిషాలు సన్నగా మూలిగేది. అది ఆగాక నిఖిలేష్ ఈల వేసుకుంటూ లేచి క్యాంటీన్ వైపు పోయేవాడు. కుసుమ కుర్చీ చేతుల మీద బరువు ఆనించి, రెండో ప్రయత్నానికి లేచేది.

"శనాదివారాలు రెండూ మైక్రోస్కోప్ ముందే గడిచిపోయాయి మేడమ్," అన్నాడతను ఓ సోమవారం, పాపం తన మీద తనకే జాలి కలిగేలా.

మైక్రోస్కోప్ అలసటైతే మెడలో దిగుతుంది, కనుగుడ్ల వెనక దిగుతుంది. ఇది కుడి భుజంలోనూ పిక్కల్లోనూ దిగింది. ఆరు నెలల్లో కుసుమకు ఎవరి అలసట ఎక్కడ దిగుతుందో కొట్టినపిండి అయిపోయింది. అకౌంటెంటుది నడుములో, డ్రైవరుది మోకాళ్ళలో. ల్యాబ్‌లో తన కింద పనిచేసే ఆ కుర్రాడు పచ్చి అబద్ధం ఆడుతున్నాడని ఆమెకు తెలుసు. తెలిసి ఏం చేసింది? రిజిస్టర్లో సంతకం పెట్టి, గోడ పట్టుకుని తన గదికి వెళ్ళిపోయింది.

ఈ ల్యాబ్‌ను పెట్టిన డాక్టర్ చిదంబరరావు చెడ్డవాడైతే ఈ కథ రెండు ముక్కల్లో తేలిపోయేది. ఆయన చెడ్డవాడు కాదు. తుపాను వచ్చి ఊరు అతలాకుతలమైన ఏడు, మూడు పగళ్ళు నిలబడి ఆపరేషన్లు చేసిన ఒక సర్జను చెయ్యి వణకడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ చేతి అలసట ఓ గంటసేపు ఇంకెవరైనా మోయగలిగితే ఎంత బాగుండును అనుకున్నాడు. అలా అనుకుని ఊరుకోలేదు, పదేళ్ళు కష్టపడ్డాడు. పనిచేసిన ఒంట్లో రక్తంలోకి చేరే ఒక పదార్థాన్ని పట్టుకున్నాడు. దాన్ని బయటికి తీస్తే పది నిమిషాల్లో విరిగి విషమైపోతుంది. సీసాలో దాచలేం, పారబోయలేం. మరో బతికున్న ఒంట్లోకి పంపాల్సిందే, ఆ మనిషి నిద్రలో అది కరగాల్సిందే. విరగకుండా దాన్ని దాటించే ప్రోటీన్ కనిపెట్టింది మాత్రం కుసుమ. ఆ సంగతి ల్యాబ్‌లో అందరికీ తెలుసు, అచ్చయిన కాగితాల్లో మాత్రం ఎక్కడా లేదు.

ఒక మనిషి నిద్రలో తన అలసట కాక, పైన మరో సగం కరుగుతుంది. అంతకు మించితే మర్నాటికి మిగిలిపోతుంది. అందుకే ఒకసారి పుచ్చుకున్నవాళ్ళు మూడు రోజులు మళ్ళీ కుర్చీ ఎక్కకూడదని నియమం రాసుకున్నారు. సిబ్బంది పదకొండు మంది పేర్లతో వంతుల పట్టిక గోడకు తగిలించారు. ఆ పట్టిక చివర చిదంబరరావు తన చేత్తో ఒక గడి గీసి పైన 'సర్దుబాటు' అని రాశాడు. కొంప ముంచింది ఆ గడే.

అకౌంటెంటుకు నడుం నొప్పి. కుసుమ, ఈ ఒక్కసారికి సర్దుకో అమ్మా. ఇంకొకమ్మాయికి పెళ్ళి కుదిరింది, సూది మచ్చలు బాగోవు. సర్దుకో అమ్మా. ఒకాయన శనివారాలు ఉపవాసం, డ్రైవరు బండి నడపాలి. ఇక నిఖిలేష్ వంతు వస్తే చిదంబరరావు గొంతు మెత్తబడిపోయేది.

"వాళ్ళ తాతగారు నా గురువమ్మా. ఆయన ఇంట్లో అన్నం తిని చదువుకున్నాను నేను. నాలుగేళ్ళు, రెండు పూటలా. ఆ పిల్లవాడి ఒంట్లోకి పరాయివాళ్ళ అలసట ఎక్కించమంటే నా చేతులు రావు," అన్నాడాయన ఒకసారి, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ కన్నీళ్ళు నిజమైనవే. గురువుగారింటి అన్నానికి ఆయన కృతజ్ఞత చూపించుకుంటున్నాడు, కాకపోతే కుసుమ ఒంటితో.

పైగా ఆ కుర్రాడు ఎప్పుడూ ఇచ్చేవాడే. రెండు మూడు రోజులకోసారి వచ్చి దించుకుని పోయేవాడు. "ఏటమ్మా, మళ్ళీ నువ్వేనా? నిన్ననే కదా కూకున్నావు," అనేది అప్పలనర్సమ్మ పట్టీ చుడుతూ. "ఆ మొకం ఓపాలి అద్దంలో సూసుకున్నావేటి?" కుసుమ నవ్వడానికి ప్రయత్నించేది. అద్దం దాకా నడవడం కూడా ఆ రోజుల్లో ఒక పనే.

ఆగస్టులో ఒక సాయంత్రం ఆమె స్కూటీ స్టాండు వేసి, హెల్మెట్ తీయకుండానే సోఫాలో కూర్చుంది. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని, తర్వాత ఇందును తీసుకురావడానికి బడికి వెళ్దామనుకుంది. ఇందు ఆమె కూతురు, నాలుగో తరగతి. కళ్ళు తెరిచేసరికి ఆరుంబావు, ఫోన్లో పదకొండు మిస్డ్ కాల్స్. బడి గేటు ముందు వాచ్‌మన్ స్టూలు మీద, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది పిల్ల. వర్షంలో తడిసిన జడలు ఆరిపోయి చీపురు పుల్లల్లా నిలబడి ఉన్నాయి.

"నువ్వు పడుకుని ఉంటావని నాకు తెలుసులే అమ్మా," అంది ఇందు, పెద్ద ఆరిందాలా. "అంకుల్ నాకు బిస్కెట్లు ఇచ్చారు."

ఏడవాల్సిన పిల్ల ఏడవలేదు. దాన్ని చూసి తనకు ఏడుపు రావాలి, అదీ రాలేదు. కుసుమకు అన్నిటికన్నా భయం వేసింది దానికే. లోపల ఏదో ఉండాల్సిన చోట గోనెసంచి ఉన్నట్టుంది.

ఆమె భర్త సూర్యం పోర్టులో క్రేన్ ఆపరేటరు. విజయనగరం వైపు మనిషి, మాటల్లో ఆ యాస ఇప్పటికీ పోలేదు. ఆ వారం అతనిది మధ్యాహ్నం షిఫ్టు. విషయం విని, అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూ ఉండిపోయాడు.

"మానీరాదేటి?" అన్నాడు చివరికి.

"మానేస్తే ఆ ప్రోటీను వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఎనిమిదేళ్ళ పని."

"పోనీ మీ సారుతో గట్టిగా మాటాడీ."

"చూస్తాను," అంది కుసుమ. గట్టిగా మాట్లాడ్డం అంటే ముందు ఒక వాక్యం ఆలోచించాలి, తర్వాత దానికి ఆయన చెప్పే జవాబుకు జవాబు ఆలోచించాలి. మొదటి వాక్యం దగ్గరే ఆమెకు నిద్ర వచ్చేసింది.

ఇక్కడ ఆమె తప్పు కూడా ఒకటి చెప్పాలి. ప్రతి శుక్రవారం ప్రయోగం నివేదిక రాసేది కుసుమే. అందులో చివరి వరస: ఫిర్యాదులు. మొదటి వారం నిజంగానే ఏవీ లేవు కాబట్టి 'లేవు' అని రాసింది. రెండో వారం నుంచి పాతదాన్నే తేదీ మార్చి దింపేయడం మొదలుపెట్టింది. తన ఒళ్ళు హూనమైపోతున్న వారాల్లో కూడా తన చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో, లేవు, లేవు, లేవు. చిదంబరరావు వాటిని చదవకుండా సంతకం పెట్టేవాడు. ఆయనకు చదవడం కన్నా నమ్మడం సులువు.

సెప్టెంబరులో ఆయన ఆమెను గదికి పిలిచి, కూర్చోమని, స్వయంగా ఫ్లాస్కులోంచి టీ పోశాడు.

"ఒక ఆసుపత్రి సంస్థ వాళ్ళు మన యంత్రాన్ని పధ్నాలుగు ఊళ్ళలో పెడతామంటున్నారు. బుధవారం అనుమతి కమిటీతో కలిసి చూడటానికి వస్తున్నారు. నీకోసం ఒక పదవి సృష్టించానమ్మా. ప్రధాన గ్రహీత. ఇక ఆ రిపోర్టులూ, ల్యాబ్ పనీ ఏమీ ఉండవు. ఆ కుర్చీ నీకే శాశ్వతం. ప్రమోషనే అనుకో."

"మరి ల్యాబ్?"

"నిఖిలేష్ చూసుకుంటాడులే. సదస్సులో ప్రోటీన్ పేపరు చదవడానికి ఎలాగూ బెంగుళూరు వెళ్తున్నాడు. మొదటి పేరు వాడిదే పెట్టాను, చిన్నవాడు, పైకి రావాలి కదా. నీ పేరూ ఉంది, కింద."

శాశ్వతం అన్న మాట దగ్గర కుసుమ ఆగిపోయింది. అంటే ఇందు పదో తరగతికి వచ్చినా, కాలేజీకి వెళ్ళినా తను సోఫాలో హెల్మెట్‌తో ఉంటుందన్నమాట. వద్దు అనడానికి నోరు తెరిచింది. టీ వేడిగా ఉంది, గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఆ చిన్న మాట గొంతు దాకా వచ్చేలోపే అలసిపోయింది.

"బుధవారం సంతకం పెడుదువుగాని," అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

బుధవారం ఇద్దరు వచ్చారు. ఒకావిడ అనుమతి కమిటీ నుంచి వచ్చిన డాక్టర్ సుభద్ర, పొట్టిగా, నెరిసిన జుట్టుతో, ఎవరు మాట్లాడినా వాళ్ళ ముఖం కాక చేతులు చూసే మనిషి. రెండో ఆయన ఆసుపత్రి సంస్థలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారి. ఆయన యంత్రం కన్నా కుసుమనే ఎక్కువ ఆసక్తిగా చూశాడు.

"అలసట పుచ్చుకునేవాళ్ళు గొడవ చెయ్యరా?" అని అడిగాడు.

"ఆరు నెలలుగా మా కుసుమే కూర్చుంటోంది. ఒక్క ఫిర్యాదు లేదు. చూడండి, ఎంత శాంతంగా ఉందో," అన్నాడు చిదంబరరావు.

"అవును, అదే గమనించాను," అన్నాడు అధికారి, డైరీలో ఏదో రాసుకుంటూ. "మా దగ్గర నర్సుల యూనియన్‌తో కొంచెం తలనొప్పిగా ఉందిలెండి."

సుభద్ర ఆ మాట విని తలెత్తి ఆయన్ని ఒకసారి చూసి, మళ్ళీ నివేదికల ఫైలు తిరగేసింది. ఇరవై ఆరు శుక్రవారాలు. ఇరవై ఆరు సార్లు ఒకే మాట, ఒకే దస్తూరీ.

"ఇవి రాసింది ఎవరు?"

"నేనేనండి," అంది కుసుమ.

"కుర్చీలో కూర్చున్నదీ?"

"నేనే."

సుభద్ర ఫైలు మూసేసింది. "పుచ్చుకోవడం గురించి ఇందులో చాలా ఉంది. ఇవాళ ఈమె ఇవ్వాలి. అది చూడాలి నాకు. ఎవరు తీసుకుంటారు?"

చిదంబరరావు తన మనుషుల వైపు చూశాడు. అకౌంటెంటు చెయ్యి నడుం మీదికి పోయింది. పెళ్ళి కుదిరినమ్మాయికి ఫోను వచ్చింది. ఉపవాసాలాయన శనివారం కాకపోయినా పొద్దుట్నుంచీ ఏమీ తినలేదట. డ్రైవరు అప్పటికే బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. నిఖిలేష్ బెంగుళూరులో ఉన్నాడు. సర్దుకునే మనిషి ఒక్కతే, ఆమె ఇవాళ అవతలి కుర్చీలో ఉంది.

"దీనికింత ఆలోచన ఎందుకు, నేనే కూర్చుంటాను," అన్నాడాయన చొక్కా చెయ్యి మడుస్తూ. పదేళ్ళలో ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

అప్పలనర్సమ్మ పట్టీలు కట్టింది. పెట్టె మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా తిప్పే మీట ఉంది. "ఎంత పెట్టమంతారు?" అని అడిగింది.

"నియమం ప్రకారం రెండు," అన్నాడు చిదంబరరావు.

"ఈమెకు రోజూ ఎంత పెట్టేవారు?" అంది సుభద్ర.

"ఆరు. రిజిస్టర్లో రాసే ఉన్నాదండి. సారు సంతకం ఉంది."

"ఆరే పెట్టండి."

అప్పలనర్సమ్మ మీటను ఆరు దగ్గరికి తిప్పింది. అంత ఇష్టంగా ఆవిడ ఏ పనీ చెయ్యగా ఆ ల్యాబ్‌లో ఎవరూ చూసి ఉండరు.

పెట్టె మూలగడం మొదలుపెట్టింది. మొదట కుసుమ చెవులు తేలికపడ్డాయి. కిటికీ అవతల రోడ్డు మీద ఎవరో బండి వాడితో గీచి గీచి బేరమాడటం వినిపించింది. ఆ రోడ్డు మీద చప్పుళ్ళు ఉంటాయనే మరిచిపోయింది. తర్వాత మెడ మీద నుంచి ఎవరో బస్తా దించినట్టయింది. తర్వాత నడుము, మోకాళ్ళు. పన్నెండో నిమిషంలో ఆమె తనకు తెలియకుండానే నిటారుగా కూర్చుంది.

ఎదురుగా చిదంబరరావు మొదట నవ్వుతూనే ఉన్నాడు. మెల్లగా ఆ నవ్వు జారిపోయింది. భుజాలు జారిపోయాయి. కళ్ళజోడు ముక్కు మీదికి దిగితే పైకి నెట్టుకోవడానికి చెయ్యి లేపి, సగంలో వదిలేశాడు.

"పిక్కలు," అన్నాడాయన, ముద్దగా. "పిక్కలు ఎందుకమ్మా ఇంతలా లాగుతున్నాయి?"

"అవి నిఖిలేష్‌వి సార్. ఆదివారం టోర్నమెంటు ఉన్నట్టుంది," అంది కుసుమ.

ఆయన ఆ పిక్కల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ చూపులో ఏం తెలిసిందో ఏమో, తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. "ఇదంతా నీ ఒంట్లో ఉందా?"

"అది సగమేనండి," అంది అప్పలనర్సమ్మ. "మిగతాది ఇంకా ఆయమ్మ దగ్గరే ఉన్నాది."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేమమ్మా?"

ఆ ప్రశ్నకు కుసుమ లోపల ఏదో కదిలింది. తనకు జాలి కలుగుతుందనుకుంది, ఆయన అవస్థ చూసి. లేకపోతే హమ్మయ్య అనిపించి ఊరుకుంటుందనుకుంది. అవి రెండూ కాదు. అరికాళ్ళ దగ్గర మొదలై మోకాళ్ళ మీదుగా పైకి వస్తున్నది కోపం. ఆరు నెలల కోపం. అది ఎక్కడికీ పోలేదు, నిలబడే ఓపిక లేక లోపల పడుకుని ఉంది, అంతే. పెట్టె అలసటను తీసుకుపోయింది గాని దాన్ని ముట్టుకోలేదు. ఇదిగో నేనున్నాను అని లేచి వచ్చింది. కుసుమకు దాన్ని చూసి ఎంత ఆనందం వేసిందో చెప్పలేం.

పెట్టె ఆగింది. ఆమె మొదటి ప్రయత్నానికే లేచింది.

"చెప్పడానికి ఓపిక కావాలి సార్. అది లేకుండా చేసి, చెప్పలేదేమని అడగడం ఏం న్యాయం? మీ గురువుగారి అన్నం మీరు తిన్నారు, నేను తినలేదు. ఆ ప్రోటీన్ నాది. మొదటి పేరు నాదే ఉండాలి. ప్రధాన గ్రహీత పదవి నాకు అక్కర్లేదు. ఎవరికీ అక్కర్లేదు."

ఆమె అధికారి వైపు తిరిగింది.

"మీరు శాంతం అని రాసుకున్నారే, అది శాంతం కాదు. అది ఈ యంత్రం చేసే చెడు. పుచ్చుకున్నవాళ్ళకు కోపం ఉంటుంది, దాన్ని బయటికి తెచ్చే బలం ఉండదు. మీ నర్సులకు ఇది పెడితే వాళ్ళకూ ఫిర్యాదులు ఉండవు. అలా ఉండకూడదనే చెబుతున్నాను. ఇది కూడా రాసుకోండి."

ఆయన డైరీ మూసి జేబులో పెట్టుకున్నాడు. సుభద్ర తన కలం మూత తీసి కుసుమకు అందించింది, ఇరవై ఆరో నివేదికతో సహా. కుసుమ 'లేవు' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, ఉన్నవి రాసింది. ఆ వరసలో చోటు చాలక వెనక్కి తిప్పి రాసింది. ఆమె రాస్తున్నంతసేపూ చిదంబరరావు కుర్చీలో తల వాల్చి గురక పెడుతున్నాడు. అప్పలనర్సమ్మ ఆయన కాళ్ళ కింద స్టూలు జరిపి, దుప్పటి కప్పింది.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్పొచ్చు. అనుమతి ఆపేశారు, కొత్త షరతులు పెట్టారు. ఎవరైనా తమంతట తాము చెయ్యెత్తితేనే కుర్చీ ఎక్కాలి. తమ పైఅధికారి అలసటను కిందివాళ్ళు పుచ్చుకోకూడదు, పైవాళ్ళ మాట మీద ఇంకెవరిదీ పుచ్చుకోకూడదు. వంతుల పట్టిక అప్పలనర్సమ్మ చేతిలో ఉండాలి. పేపరు మీద పేర్లు మారాయి. చిదంబరరావు రెండున్నర రోజులు నిద్రపోయి లేచి, పట్టికలో సర్దుబాటు గడిని బ్లేడుతో తనే గీకేశాడు. మొదటి వంతు తనది రాసుకుని, రెండోది నిఖిలేష్‌ను అడిగాడు. అడగడానికి ఆయన పడ్డ యాతన చూస్తే కుసుమకు నవ్వొచ్చింది. మనిషి మొత్తం మారిపోయాడని చెప్పను. ఇప్పటికీ ఆ కుర్రాడికి మంచి మైక్రోస్కోపే దొరుకుతుంది. కానీ పిక్కలు ఎవరివి వాళ్ళవే.

ఆ బుధవారం మాత్రం కుసుమ నాలుగింటికే బడి దగ్గర ఉంది. ఇందు గేటులోంచి వచ్చి, తల్లిని చూసి, వెనకాల ఇంకెవరి కోసమో వచ్చిందేమోనని తిరిగి చూసింది. ఇంటికి వచ్చాక కుసుమ పడుకోలేదు. దోసెలు పోసింది. బట్టలు మడతపెట్టింది. ఇంకా ఓపిక మిగిలితే, పిల్ల బ్యాగు తీసి స్కూలు డైరీ తెరిచింది.

లెక్కల నోటుబుక్ తేలేదు, తల్లిదండ్రులు గమనించగలరు. కింద కుసుమ సంతకం. తెలుగు పద్యం అప్పజెప్పలేదు. కుసుమ సంతకం. క్లాసులో మాట్లాడుతోంది, మూడోసారి. సంతకం. కుసుమ ఎప్పుడూ వెయ్యని ఒక అందమైన సున్న ఆ సంతకాల చివర చుట్టి ఉంది.

"ఇవెవరు పెట్టారే?"

ఇందు దోసె నములుతూ ఆగిపోయింది. "నువ్వు పడుకుని ఉన్నావు కదా."

అంతే. కుసుమ అందుకుంది. లెక్కల నుంచి మొదలుపెట్టి పద్యం మీదుగా, సోఫా కింద చెప్పుల దాకా, మొన్న శుక్రవారం నుంచి బ్యాగులో ముక్కిపోతున్న టిఫిను డబ్బా దాకా ఒక్కటీ వదల్లేదు. దొంగ సంతకం అంటే ఏమిటో చెప్పింది, ఎందుకు చెయ్యకూడదో చెప్పింది, మళ్ళీ చేస్తే ఏమవుతుందో చెప్పింది. పక్క ఫ్లాటువాళ్ళు టీవీ చప్పుడు తగ్గించారు. ఇందు ముక్కు ఎగపీలుస్తూ నిలబడి, చివరికి భోరుమని ఏడ్చింది, బడి గేటు దగ్గర ఏడవాల్సిన ఏడుపుతో సహా.

తర్వాత ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. కుసుమ దోసెల పిండి తీస్తూ విన్నది.

"నాన్నా, అమ్మ నన్ను తిట్టింది."

పోర్టులో ఎక్కడో, క్రేన్ కేబిన్లో ఉన్నాడు సూర్యం. ఫోను స్పీకర్లో ఉంది.

"ఎవలు? అమ్మే?"

"ఊఁ."

"గట్టిగానా?"

"చాలా గట్టిగా. అరగంట తిట్టింది."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. అది జలుబు కాదని కుసుమకు తెలుసు.

"ఇందూ," అన్నాడు సూర్యం. "ఫోను అమ్మకియ్యి. నన్ను కూడా ఓపాలి తిట్టమను."

కుసుమ చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది.